శకునపక్షి ఆడిన అబద్ధం

వాతావరణ కేంద్రంలో మూడు గంటలకోసారి గాలి ఒత్తిడి చూసి రిజిస్టరులో రాసే ఆయన్ని రేవు వీధిలో అందరూ శకునపక్షి అనేవారు. ఎదురుపడితే చాలు, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఎవరో ఒకరు గొణిగేవారు. తుఫానుకు ముందు పాదరసం దిగిపోతే పాపం ఆయన నోరేం చేస్తుంది? పెళ్ళి లేదు, పిల్లల్లేరు. కేంద్రం మేడమీద గదిలోనే వంటా పడకా. అదే వీధిలో అక్క ఉన్నా, పండగకీ పబ్బానికీ రాకపోకల్లేవు.

పోయిన ఏడాది ఆయన మాట విని వీధి వీధంతా మూటాముల్లే సర్దుకుని గుట్ట మీది బడికి పోయింది. తీరా తుఫాను దారి మళ్ళింది. మళ్ళింది తుఫాను, మాట పడింది ఆయన.

ఈసారి సముద్రం పది రోజులుగా వేడెక్కుతోంది. ఆవిరి పైకి లేస్తే కింద గాలి పలచబడుతుంది. ఆ చోటు నింపడానికి నాలుగు వైపుల గాలీ పరుగెత్తుకొస్తుంది. భూమి తిరుగుతోంది కనుక తిన్నగా రాలేక సుడి తిరుగుతుంది. ఆ ఉదయం పాదరసం ఆయన ఎన్నడూ చూడనంత దిగింది. ఆయన భయం గాలి గురించి కాదు, అది తోసుకొచ్చే నీటి గురించి. రేవు వీధి పల్లం. లారీలొచ్చి అందరినీ తీసుకుపోయాయి. బట్టలు కుట్టుకు బతికే ఆయన అక్క మాత్రం కదల్లేదని తెలిసి, రొప్పుతూ వెళ్ళాడు.

“అక్కా, సాయంత్రంలోగా నీళ్ళొచ్చేస్తాయి. లే, గుట్ట మీదికి పో.”

“పోయినసారీ ఇదే పాట పాడావు. పోరా, రేపటికి ఇవ్వాల్సిన బట్టలున్నాయి.”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మిషను ఆగలేదు. రిజిస్టరులో ఒక్క అంకె కూడా తప్పు రాయని మనిషి, అప్పుడు గుమ్మం పట్టుకుని కూలబడ్డాడు.

“గుండెల్లో నొప్పక్కా. మందు గదిలో ఉంది.”

ఆమె కుట్టు మధ్యలో వదిలేసి లేచింది.

నాలుగింటికి సముద్రం వీధిలోకి వచ్చింది. మేడ కిటికీలోంచి చూస్తుండగానే ఆమె రేకులిల్లు మిషనుతో సహా కొట్టుకుపోయింది. ఆమె ఏడవలేదు. వెనక్కి తిరిగి గదంతా కలయజూసింది. ఒకే కుర్చీ, ఒకే కంచం.

“నొప్పి లేదుగా నీకు?”

“లేదక్కా.”

“తెలుసులే. మెట్లు నాకన్నా ముందెక్కావు.” ఆమె ఆ ఒక్క కంచం చేతిలోకి తీసుకుంది. “గాలొస్తోందన్నావు, నీళ్ళొస్తున్నాయన్నావు. మా గదికి రా అక్కా అని ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా అన్నావురా?”

ఆయన ఆలోచించాడు. ఎంత వెతుక్కున్నా ఆ ఒక్కసారి దొరకలేదు.