శనివారం ఉపాసమున్న చేప

మొన్న శనివారం జగిత్యాలలో మా బిడ్డ ఇంటికి వెళ్తే, మనవరాలు అక్వేరియం ముందు స్టూలు వేసుకుని పొద్దున్నే మేత డబ్బా మూత తీస్తోంది. చెయ్యి పట్టుకుని ఆపాను. "అమ్మమ్మా, సూడు, నోరు తెరుస్తుంది. ఆకలైతుంది దానికి" అంది. చేప నోరు తెరిస్తే నమ్మకూడదని నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని ఢంకా బజాయించి చెప్పగలను. సిరిసిల్లలో మా పెద్దమ్మతో పోట్లాడి గెలిచిన తెలివి అది.

పెద్దమ్మ ఇంట్లో ముందుగది దాటితే మరమగ్గాల షెడ్డు. ఆ టకటకలో రహస్యం చెప్పాలన్నా అరవాల్సిందే. ఆ ఇంట్లో చట్టం ఒకటే: ఎదురుగా ఎవరైనా ఆకలితో ఉంటే మన ముద్ద దిగకూడదు. అలాంటి ఇంటికి ఆమె కొడుకు ముచ్చటపడి అద్దాల తొట్టి, ఎర్రచేపలు తెచ్చాడు. ఇంకేముంది! పగటి షిఫ్టువాళ్లు అన్నం డబ్బా విప్పే ముందు తలా ఒక చిటికెడు మేత వేసేవారు. రాత్రి షిఫ్టువాళ్లు వచ్చి తమ వంతు వేసేవారు. మధ్యలో పెద్దమ్మ తన కంచంలోంచి నాలుగు మెతుకులు. చేపలు తినగా మిగిలింది అడుగున కుళ్లి, నీళ్లు మగ్గం మీది పడుగు దారాలకు పట్టించే గంజిలా తయారయ్యాయి. చేపలు ఒక్కొక్కటే వెల్లకిలా తేలాయి. ఆకలికే పోతున్నాయని ఆమె ఇంకా ఎక్కువ వేసింది.

నేను మా ఊరు కోరుట్ల నుంచి వెళ్లేసరికి ఒక్కటే మిగిలింది. పెద్దమ్మ తొట్టి ముందు కూలబడి ఉంది. "నా ఇంట్ల ఆకలితోని ఎవ్వలన్న సచ్చిన్రా? గిదిగూడ పోతె నేను ఎవ్వలకు ముఖం సూపియ్యాలె?" అని కళ్లు తుడుచుకుంది.

"తిండి లేక కాదు పెద్దమ్మా, ఎక్కువై సస్తున్నయి."

"ఎక్కువై సచ్చుడేందే? గట్లయితె అందరికన్న ముందు నేను పోవాలె!"

ఒళ్లు చూసుకుని ఆమే నవ్వింది. మా ఇంట్లో ఏళ్లుగా చేపలు పెంచుతున్నదాన్ని, నేను తగ్గలేదు. కొంత మురికినీరు తోడి, నిలవ ఉంచిన మంచినీళ్లు పోసి ఆజ్ఞ జారీచేశాను: రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేంత చిటికెడు, వారంలో ఒకరోజు అసలేమీ వద్దు. ఆమె ముఖం మాడిపోయింది. నోరులేని జీవాన్ని పస్తు పెట్టడమా? అప్పుడు తోచింది నాకు. "శనివారం నువ్వు ఒక్కపూటనే తిని ఒక్కపొద్దుంటవు గదా, నీకేమన్న అయితుందా?"

పెద్దమ్మ చేప వైపు తిరిగింది. "దినాం ఒక్కపొద్దు, శనివారం కటిక ఉపాసం. గిది నాకన్న పెద్ద భక్తురాలే!" అని మేత డబ్బా కొంగున ముడేసుకుంది. ఆ తర్వాత నా పాఠం ఎవరికీ అవసరం పడలేదు. నీళ్లు పాడవుతాయంటే లెక్కచేయని మగ్గంవాళ్లు, దాని ఉపాసం చెడగొడితే పాపమంటే చేతులు వెనక్కి తీసుకున్నారు. చేప బతికింది. బతకడమే కాదు, పెద్దమ్మలాగే బొద్దుగా తయారైంది.

పోయినేడు పెద్దమ్మ పోయింది. దినవారాల మధ్య ఒక శనివారం ముందుగది నిండా చుట్టాలు. ఎవరో ఆమె చేప కదా అని జాలిపడి మేత తీశారు. ఒకప్పుడు అందరికన్నా పెద్ద చిటికెడు వేసిన ముసలి మగ్గం కార్మికుడు లేచి ఆపాడు.

"ఆగుండ్రి. ఇయ్యాల దానికి ఉపాసం. అవ్వ ఊకోదు."

అంతవరకు రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు.

ఇదంతా విని మనవరాలు డబ్బా మూత పెట్టి, అద్దానికి ముక్కు ఆనించి, "రేపు పెడ్తనే, ఇయ్యాల శనివారం" అని చేపకు నచ్చజెప్పింది. పెద్దమ్మ ముఖం ఎరగని ఈ పిల్ల నోట ఆమె మాట విన్నాక అనిపించింది, కాలం మనిషిని తీసుకెళ్లినా ఆమె శనివారాన్ని మాత్రం మనకే వదిలి వెళ్తుందని.