వనస్పతి బలం

నా జబ్బుకు జ్వరం లేదు, నొప్పి లేదు. అది మొదట బయటపడింది మా పెద్దమ్మ సంచిలోంచి. పెళ్లయి ఐదేళ్లయినా పిల్లలు లేరని, ఆమె చింతామణిలో మా కిరాణా అంగడికి వచ్చి ఒక అమ్మాయి ఫోటో గల్లాపెట్టె మీద పెట్టింది.

"బాగేపల్లి పిల్లతో కాదప్పా. ఉగాది దాకా చూస్తా, ఆపైన ఈ పిల్లే."

బాగేపల్లి పిల్ల అంటే నా భార్య సుజాత. అప్పటికే ఆమెకు రక్తపరీక్షలు, స్కానింగు, ట్యూబ్ టెస్ట్ అయ్యాయి. అన్నీ నార్మల్. నాకు ఒక్క పరీక్షా కాలేదు. నాకు మీసముంది, మా వాళ్ల వైద్యశాస్త్రానికి ఆ ఆధారం చాలు.

చిక్కబళ్ళాపురంలో డాక్టరమ్మ ఫైలు తిరగేసి, "ఈయమ్మను ఇంకెన్ని మాట్లు పరీక్ష చేస్తారప్పా? మీరు చేయించుకున్నారా?" అంది.

సెమెన్ అనాలిసిస్‌లో కౌంట్ తక్కువ, మొటిలిటీ ఇంకా తక్కువ. కదిలేవి కొన్ని, కూర్చున్నవి చాలా.

"రిపోర్టుదేముండాది, వీనికి బలం చాల్లేదు," అని పెద్దమ్మ తేల్చేసింది. బలమంటే మా ఇంట్లో వనస్పతి. అంగడి నిండా డబ్బాలే. పొద్దున వనస్పతి పూరీలు, మధ్యాహ్నం లడ్డూలు, సాయంత్రం బేకరీ పఫ్‌లు. ఇంత శ్రద్ధగా నన్నెవరూ పాడుచేయలేదు.

రెండో రిపోర్టులో కౌంట్ ఇంకా దిగింది. సుజాత కాఫీ ఇస్తూ మెల్లగా అంది: "పెద్దత్తా, ఈసారి ఫోటో తెచ్చేదుంటే మగపిల్లోనిది తెండి. నాకు చూద్దాము."

పెద్దమ్మ కాఫీ తాగకుండానే లేచి వెళ్లిపోయింది.

"ఏం తింటాండారు?" అని డాక్టరమ్మ అడిగితే చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది. "ట్రాన్స్ ఫ్యాట్ స్పెర్మ్‌కు మంచిది కాదప్పా. అదొక్కటే కారణమని చెప్పను. కొత్తవి తయారయ్యేకి మూడు నెలలు పడ్తాది. వనస్పతి, పఫ్‌లు, మళ్లీ మళ్లీ కాచిన నూనె మానేయండి. చేపలు తింటారా?"

"తినమమ్మా."

"అయితే అక్రోట్లు, అవిసె గింజలు తినండి."

"అవిసె గింజలు బర్రెలకు పెట్టేవి కదప్పా," అని ఇంట్లో మా అమ్మ బాధపడింది.

"బర్రెలకు దూడలు పుడతాండాయి గదమ్మా," అన్నాను.

మూడు నెలలకు కౌంట్ కొంచెమే లేచింది. ఈలోగా ఉగాది వచ్చింది, పెద్దమ్మ ఫోటోతో సహా వచ్చింది. "లోపం నాది. ఆ పిల్లకు కూడా ఇదే చెప్పు," అన్నాను. ఆ పిల్లకు వేరేచోట పెళ్లయింది. మరుసటేడు సుజాత నెల తప్పింది.

పాప ఇప్పుడు ఎల్‌కేజీ. తన లడ్డూల వల్లే పుట్టిందని పెద్దమ్మ బట్లహళ్ళి దాకా చెప్పుకుంటోంది. ఆమెకు రిపోర్టులు చూపడం మానేశాను.

పిల్లలు కాలేదని ఆడమనిషిని స్కానింగుకు పంపేముందు, మగవాడు ఒకసారి ల్యాబ్‌కు పోయి రావాలి. సూది కూడా గుచ్చరు.