విడాకుల ఆఫీసులో మూడు ప్రశ్నలు

ఏటా మే నెలలో కోర్టుకు వేసవి సెలవులిచ్చాక, మొదటి సోమవారం మా ఆఫీసులో వచ్చే ఏడాదికి ప్లానింగు జరుగుతుంది. ఆఫీసంటే నెల్లూరులో కోర్టుకు రెండు వీధుల అవతల, మిద్దె మీద రెండు గదులు. మా మేడం లాయరు. విడాకుల కేసులు తప్ప వేరేవి తీసుకోరు. పొలం గట్టు తగాదా అని ఎవరైనా వస్తే కింద ఉండే ఇంకో లాయరుగారి దగ్గరికి పంపిస్తారు. ఆయన మొగుడూపెళ్లాల తగాదాలను పైకి పంపిస్తాడు. మెట్ల మీద రెండు రకాల వాళ్లూ ఎదురుపడి ఒకరికొకరు దారి ఇచ్చుకుంటుంటారు.

ఆఫీసులో మేం ముగ్గురం. మేడం, అక్క, నేను. అక్క అంటే మా టైపిస్టు. వాళ్ల నాయన నెల్లూరు బజారులో షేర్వాణీలు కుట్టే దర్జీ. వాళ్ల ఇంట్లో పెళ్లిబట్టలు కుడతారు, తను ఇక్కడ విడాకుల పిటిషన్లు కొడుతుంది. మా దగ్గరికొచ్చే ఆడవాళ్లు మేడంతో సగం చెప్తారు, మిగతా సగం అక్కతో చెప్తారు. మగవాళ్లు ఇద్దరితోనూ ఏమీ చెప్పరు. నా వైపు చూసి మంచినీళ్లడుగుతారు.

నేను ఈ ఆఫీసుకు మొదట వచ్చింది ఉద్యోగానికి కాదు, విడాకులకు. మాది సూళ్లూరుపేట. మా ఆయన ఫ్రిజ్జులూ ఏసీలూ రిపేరు చేసే అంగడి పెట్టుకున్నాడు. ఏడేళ్లు కాపురం చేశాం. కొట్టింది లేదు, తిట్టింది లేదు. పొద్దున "టిఫినేంది?", సాయంత్రం "కరెంటు ఎప్పుడు పోయినాది?" ఈ రెండు మాటలతోనే ఒక్కోసారి వారం గడిచిపోయేది. పిల్లలు లేరు కాబట్టి మూడో మాట రాలేదు. ఒకరోజు నేనే అడిగాను, "మనం విడిపోదామా?" అని. ఆయన కాసేపు ఆలోచించి, "నీకు మంచిదనిపిస్తే సరే" అన్నాడు. మేమిద్దరం కలిసి తీసుకున్న పెద్ద నిర్ణయం అదొక్కటే.

నేను నెల్లూరులో మా పిన్ని ఇంటికొచ్చేశాను. మొగుడికీ పెళ్లానికీ ఇద్దరికీ ఇష్టమైతే కోర్టులో ఒకటే పిటిషన్ వేస్తారు. తర్వాత ఆరు నెలలు ఆగమంటారు, మనసు మారుతుందేమోనని. మారకపోతే మళ్లీ వెళ్లి చెప్పాలి. ఈ ఆఫీసులో తయారుచేసిన మా పిటిషన్ చదివితే నా వయసు ఆయనకూ, ఆయన వయసు నాకూ పడి ఉంది. ఇంకోచోట ఎవరిదో పెళ్లి జరిగిన కల్యాణమండపం పేరుంది. పెన్సిలుతో అన్నీ దిద్ది ఇచ్చాను. ఆరు నెలల తర్వాత విడాకులు మంజూరైన రోజు మేడం నన్ను పక్కకు పిలిచి, "మా గుమాస్తా మానేసినాడు. నువ్వు చేరతావా?" అన్నారు. ఆ వచ్చే సోమవారం అవే మెట్లెక్కి ఉద్యోగంలో చేరాను.

నేను చేరిన మొదటి ప్లానింగుకు ముందు మేడం చెన్నైలో రెండు రోజుల శిక్షణకు వెళ్లొచ్చారు. చిన్న వ్యాపారాల వాళ్లకని పెట్టారట. మేడంకు అటుపక్క సాంబారు పొడి చేసే ఆమె, ఇటుపక్క స్కూలు బ్యాగులు అమ్మే ఆయన కూర్చున్నారు. వచ్చేటప్పుడు ఒక తెల్లబోర్డు కొనుక్కొచ్చి గోడకు కొట్టించారు. దాని మీద లక్ష్యం, ప్రచారం, కస్టమరు సంతృప్తి అని మూడు శీర్షికలు రాశారు.

"పోయినేటి కంటే ఈయేడు కేసులు పెరగాల" అని మేడం లక్ష్యం కింద ఒక అంకె వేశారు.

"పెరగాలంటే ఏం చెయ్యాల మేడం?" అని అక్క అడిగింది. "మనమే ఇళ్లకు పోయి తగువులు పెట్టి రావాల్నా?"

అక్క వెటకారంగా అనలేదు. పని ఏదైనా ముందే తెలిస్తే మంచిదని అడిగింది. మేడం కూడా కోప్పడలేదు. "విడిపోయేవాళ్లు ఎట్టాగూ విడిపోతారు. మన దగ్గరికొచ్చి విడిపోవాల, అంతే" అన్నారు.

లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు కాబట్టి ప్రచారం కింద ఒక గీత గీశారు. ఇక మిగిలింది కస్టమరు సంతృప్తి. పాత క్లయింట్లకు ఫోన్ చేసి మూడు ప్రశ్నలడిగి, జవాబులు రాసుకొచ్చే పని నాకిచ్చారు. మా సేవలతో సంతృప్తి చెందారా? మేం బాగుచేసుకోవాల్సింది ఏమైనా ఉందా? మీకు తెలిసినవాళ్లకు మా గురించి చెప్తారా?

విడవలూరు అవతల సముద్రం ఒడ్డున వేటకు పోయే ఒకతను మొదట దొరికాడు. వేట నిషేధం రోజులు గాబట్టి ఫోనెత్తాడు. "అంతా బాగుండాది గానీ, మీ ఆఫీసులో బెంచీ ఒకటే ఉండాదమ్మా. కూర్చున్నంతసేపూ ఆమె పక్కనే కూర్చోవాల్సి వచ్చినాది" అన్నాడు. రెండో బెంచీ కావాలని రాసుకున్నాను.

జాబితాను పిటిషన్ల ప్రకారం తీశాం. కాబట్టి అందులో నా పేరూ ఉంది. నా పేరెదురుగా "సంతృప్తికరం" అని రాసుకున్నాను. దాని కింద ఆయన పేరు.

"ఈయనకు నువ్వు చెయ్యక్కా" అన్నాను.

అక్క జాబితా చూసింది. "నాకు టైపింగుండాది" అంది. కంప్యూటరు ఆపేసి ఉంది.

సరేనని నేనే చేశాను. "నమస్కారమండీ. లాయరుగారి ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. మా సేవల గురించి మూడు ప్రశ్నలడగాలి. వీలవుతుందా?"

అవతల ఏదో మోటారు శబ్దం వస్తోంది. అది ఆగింది.

"నువ్వేనా?" అన్నాడు.

"ఆఫీసు నుంచండీ."

"సరే, అడుగు." కాస్త ఆగి, "అడగండి" అన్నాడు. ఆయన నన్ను మీరు అనడం అదే మొదటిసారి.

"మా సేవలతో సంతృప్తి చెందారా?"

"చెందినా. చెప్పిన తేదీకే అయిపోయినాది."

"మేం బాగుచేసుకోవాల్సింది ఏమైనా ఉందా?"

అవతల స్టూలు లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

"ఉండాది. రాసుకుంటారా?"

"రాసుకుంటున్నానండీ."

"ఆ ఆరు నెలలు ఆగమన్నారు గదా. ఆగి ఏం చెయ్యాల్నో ఎవరూ చెప్పలా. అంగడి తెరిచేది, మూసేది, ఇంటికి పోయి కూర్చునేది. ఫోన్ చేద్దామంటే, కేసు నడుస్తుండాది, మాట్లాడొచ్చునో కూడదో తెలవదు. మీ ఆఫీసును అడగాలంటే సిగ్గు. ఎవరన్నా నెలకొకసారి చేసి, ఎట్టుండారు, అన్నం తింటుండారా అని అడిగుంటే బాగుండేది. మాట్లాడుకోవచ్చు, తప్పులేదు అని చెప్పుంటే ఇంకా బాగుండేది."

ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను. ఆ ఆరు నెలలూ నేను పిన్నివాళ్ల వరండాలో ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని, సరిగ్గా అదే అనుమానంతో. ఆ సంగతి రాయడానికి కాగితంలో చోటు లేదు. మూడో ప్రశ్న అడిగాను.

"తెలిసినవాళ్లకు చెప్తా. ఎవరికీ అవసరం రాకపోతే మంచిది" అన్నాడు. తర్వాత, "బాగుండావా?" అన్నాడు.

"బాగున్నానండీ" అని పెట్టేశాను. కళ్లు తుడుచుకుని జాబితాలో తర్వాతి నంబరుకు చేశాను. ఆమె సంతృప్తి చెందలేదని పావుగంట చెప్పింది. అది వినడం తేలికగా ఉండింది.

కాగితాలన్నీ చదివి మేడం రెండు నిర్ణయాలు చేశారు. రెండో బెంచీ చేయించడం. ఆరు నెలలు ఆగేవాళ్లకు, ఇద్దరికీ, నెలకొక ఫోన్. ఆ ఫోన్లు అక్క చేసేది. ఎట్టుండారు, అన్నం తింటుండారా అని అడిగేది. మాట్లాడుకోవచ్చు, కోర్టు ఏమీ అనదు అని చెప్పేది. ఇంకో మాట చెప్పేది కాదు.

మరుసటి మే నెలలో లెక్క తీస్తే రెండు జంటలు పిటిషన్ వెనక్కి తీసుకున్నాయి. మేడం మార్కరు పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డారు. "ఇది ఏ శీర్షిక కింద రాయాల?" అన్నారు.

"కస్టమరు సంతృప్తి" అంది అక్క.

మేడం అక్కడే రాశారు. లక్ష్యం కింద ఉన్న అంకె తగ్గించారు. ఫోన్లు మాత్రం ఆపమనలేదు.

ఆగస్టులో సూళ్లూరుపేట నుంచి ఆయన ఆఫీసుకు ఫోన్ చేశాడు. గూడూరులో సంబంధం కుదిరిందనీ, కోర్టు ఇచ్చిన విడాకుల తీర్పు నకలు ఆడపిల్లవాళ్లు చూస్తామన్నారనీ చెప్పాడు. నేనే అర్జీ పెట్టి, కోర్టు ముద్ర వేయించి, నకలు తెచ్చి ఉంచాను. వయసులు ఎవరివి వాళ్లకు ఉన్నాయో లేదో మళ్లీ చూసుకున్నాను. రైలెక్కి వచ్చాడు. కొంచెం లావయ్యాడు. నేను కవరు ఇస్తే తీసుకుని, "ఆమె బాగా మాట్లాడతాది" అన్నాడు.

"మీరు?"

"నేర్చుకుంటుండా."

పోతూ పోతూ తలెత్తి, ఏసీ ఫిల్టరు కడిగి ఎన్నాళ్లయిందని అడిగాడు. మేం ఎప్పుడూ కడగలేదు. కుర్చీ వేసుకుని ఫిల్టరు ఊడదీసి, పంపు కింద కడిగి, ఆరాక బిగించి వెళ్లాడు. ఆయన మంచివాడని నాకు మొదటినుంచీ తెలుసు. ఆయనకు సంబంధం కుదిరినందుకు సంతోషించాను, అది నిజం. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు, అదీ నిజమే. అక్క తన డబ్బాలోంచి రెండు పరోటాలు తీసి నా కాగితాల మీద పెట్టి, మళ్లీ టైపు చేసుకుంది. గది చల్లబడింది.