అందరూ వద్దన్న బార్డ్‌ని అడిగి తీసుకున్న జహంగీర్ భాయ్

నిన్న పొద్దున జహంగీర్ భాయ్ నంబర్ నుంచి మా గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది.

టైప్ చేసిన మెసేజ్.

భాయ్ ఎప్పుడూ టైప్ చేయడు. "సరే" అనడానికి కూడా వాయిస్ మెసేజే పెడతాడు. వెనకాల బోయిన్‌పల్లి మార్కెట్ మొత్తం వినిపిస్తూ ఉంటుంది.

పెట్టింది వాళ్ళబ్బాయి. "అబ్బా ఇక లేరు."

తెల్లారి మార్కెట్‌కి వెళ్ళిన మనిషి అక్కడే కూలబడ్డాడట. గుండె. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

మీలో చాలామందికి భాయ్ తెలియదు. కూరగాయల వేలంలో ధరలు అరిచి చెప్పడం ఆయన పని. ఆదివారం మధ్యాహ్నం మాత్రం మాతో కలిసి రాక్షసుల మీదికి యుద్ధానికి వచ్చేవాడు.

నవ్వకండి, చెప్తాను.

రెజిమెంటల్ బజార్‌లో మా స్వప్న వాళ్ళకి ఫోటో ఫ్రేముల షాపు ఉంది. దాని పైగదిలో మేమొక ఫాంటసీ ఆట ఆడతాం. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, అందరం కలిసి ఒక కథ నడపాలి. కథ చెప్పేది స్వప్న. రాజులూ రాక్షసులూ అన్నీ తనే. మిగతావాళ్ళం తలా ఒక క్లాస్, అంటే ఒక రకం పాత్ర, తీసుకోవాలి. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఇలా.

ఎవరికీ అక్కర్లేని క్లాస్ ఒకటుంది. బార్డ్. పాటలు పాడి, కబుర్లు చెప్పి పక్కవాళ్ళకి ధైర్యం ఇచ్చేవాడు. కత్తి సరిగ్గా పట్టలేడు, మంత్రాలు సగమే వస్తాయి. అందుకే మా దగ్గర ఒక రూల్ ఉండేది. ఆఖరున వచ్చినవాడికి బార్డ్. ఆ భయానికి మా వంశీ లంచ్ మధ్యలో లేచి వచ్చేవాడు.

ఒకసారి భాయ్ ఆ షాపుకి ఫోటో ఫ్రేమ్ కట్టించుకోవడానికి వచ్చి, మా అరుపులు విని మెట్లెక్కాడు.

"ఏంది గీ లొల్లి? జెర నన్ను సుత ఆడనియ్యుండ్రి."

ఆఖరున వచ్చింది ఆయనే కాబట్టి బార్డ్ అంటగట్టేశాం. బార్డ్ ఏం చేస్తాడో విని తెగ మురిసిపోయాడు.

"పొద్దుగాల మార్కెట్ల నేను చేసేది గదే కదా. నాకు గీ బార్డే కరెక్ట్."

తన బార్డ్‌కి కంచు కంఠం అని పేరు పెట్టుకున్నాడు. ఆ తర్వాత అందరికంటే ముందొచ్చినా బార్డే కావాలనేవాడు. వేలంలో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో పాట ఎత్తుకుంటే, రాక్షసుల సంగతేమో గానీ కింద కస్టమర్లు పారిపోతున్నారని స్వప్న మొత్తుకునేది.

ఇక నా సంగతి. నాకు నత్తి. నా పేరు కిరణ్ అని చెప్పడానికే అవస్థ పడేవాణ్ని. ఫోన్ మోగితే కట్ చేసి మెసేజ్ పెట్టేవాణ్ని. ఆటలో కూడా యోధుణ్ని తీసుకున్నాను, నోరు తెరిచే పని ఉండదని. ఎక్కడైనా మాట తట్టుకుంటే వంశీ పాపం ప్రేమగానే దాన్ని పూర్తి చేసేసేవాడు.

ఒక ఆదివారం కథలో మా టీమ్ అంతా రాజుగారి ఖైదులో పడ్డాం. రాజుని మాటలతో ఒప్పిస్తే విడుదల, లేకపోతే ఉరి. మాటలంటే బార్డ్ పనే కదా. అందరం భాయ్ వైపు తిరిగాం.

భాయ్ గొంతు పట్టుకుని, పోయిందన్నట్టు చెయ్యి ఊపాడు. వేలు నా వైపు చూపించాడు.

"మ... మ..." దగ్గరే ఆగిపోయాను. వంశీ అందుకోబోయాడు. భాయ్ అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు.

బార్డ్‌కి ఒక్క గొప్ప శక్తి ఉంది. తన పాచిక ఒకటి కష్టంలో ఉన్నవాడికి ఇవ్వొచ్చు. భాయ్ ఆ పాచికను మెల్లగా నా ముందుకు జరిపాడు. కంగారేం లేదన్నట్టు వెనక్కి వాలి కూర్చున్నాడు.

ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. కానీ "మహారాజా" దగ్గర మొదలుపెట్టి "వదిలేయండి" దాకా అంతా నేనే మాట్లాడాను. పాచిక వేశాను, పెద్ద అంకె పడింది. రాజు వదిలేశాడు. వంశీ నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు.

ఆట అయ్యాక భాయ్ కిటికీలోంచి కింది హోటల్‌కి ఒక్క కేక పెట్టాడు. "నాలుగు చాయ్ పైకి పంపియ్!"

బజారంతా తల ఎత్తి చూసింది. మేమంతా ఆయన్ని చూశాం.

"గిప్పుడే అచ్చింది గొంతు" అన్నాడు.

తర్వాతి వారం ఆఫీస్ మీటింగ్‌లో మాట్లాడతానని మొదటిసారి చెయ్యి ఎత్తాను. నత్తి పోలేదు, ఇప్పటికీ ఉంది. దానికి భయపడి నోరు మూసుకోవడం మాత్రం మానేశాను. ఆ రుణం తీరేది కాదు భాయ్.

నిన్న సాయంత్రం మట్టి ఇచ్చి వచ్చాం. ఇంటి దగ్గర భాయ్ భార్య, మా ఫాతిమా ఆపా, ఏడుస్తూనే ఒక మాట చెప్పింది. "ఐతారం పొద్దుగాల మాతోని సుత మాట్లాడకపోతుండె. మీ ఆట కోసం గొంతు దాసుకుంటుండె."

అంత దాచుకున్న గొంతుని ఆరోజు నా కోసం మూసుకుని కూర్చున్నాడు.

ఇందాక స్వప్న గ్రూప్‌లో అడిగింది, బార్డ్‌ని కథలోంచి తీసేయనా అని.

నేను ఎప్పుడూ ఎవరికీ వాయిస్ మెసేజ్ పంపలేదు. ఈసారి మైక్ నొక్కాను.

"వ... వద్దు స్వప్నా. బా... బా... బార్డ్‌ని నేను ఆడుతా."

ఒకసారి విన్నాను. తట్టుకున్నవన్నీ అలాగే ఉన్నాయి. డిలీట్ చేయకుండా పంపేశాను.

భాయ్, కంచు కంఠం ఇక నా పూచీ. చాలా అరిచావు, మా కోసం చాలా పాడావు. ఇప్పుడు ఆ గొంతుకి హాయిగా రెస్ట్ ఇవ్వు. నీ నిద్ర చల్లగా సాగాలి.