బెల్టు విప్పిన కారు కింద నాలుగు నిమ్మకాయలు

మీ ఇంట్లో ఎవరి చెయ్యి మంచిది కాదు? అలాంటివి మా ఇంట్లో లేవని తప్పించుకోకండి. బోణీకి పిలవని చెయ్యి, పసుపు దంచేటప్పుడు పక్కకు జరగమనే చెయ్యి ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. మీరు నా ఈడువారైతే ఈ వాక్యం పూర్తయ్యేలోగానే ఆ మనిషి ముఖం మీ కళ్ళముందుకు వచ్చి ఉంటుంది. మా ఇంట్లో అది మా బాబాయి చెయ్యి.

పోయిన ఆదివారం మా అపార్టుమెంటు సెల్లార్‌లో, మూడో అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఫోనులో వీడియో చూసుకుంటూ తన కారు టైమింగ్ బెల్టు తానే మార్చుకుంటున్నాడు. రైతుబజారు నుంచి వస్తూ కాసేపు నిలబడి ముచ్చటగా చూశాను. అంతలో వాళ్ళమ్మగారు పళ్ళెంలో నాలుగు నిమ్మకాయలూ కర్పూరమూ పట్టుకుని లిఫ్టు దిగి, ఎలాగూ ముట్టుకున్నావు కాబట్టి రాహుకాలం రాకముందే వీటిని తొక్కించెయ్యరా అంది. నేను కూరల సంచీ జారవిడిచి, బండి కదపొద్దని అరిచాను. ఆ అరుపుకు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగింది. "చక్రమే ఊడదీశాను కదండీ ఆంటీ, ఎలా కదులుతుందీ?" అని ఆ అబ్బాయి నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మా నాయనమ్మ బాబాయిని కని చనిపోయింది. అంతే, ఆ పసిగుడ్డుకు తల్లిని మింగినవాడన్న బిరుదు వచ్చింది. అసలు సంగతి చాలా ఏళ్ళ తరువాత మా పెద్దత్తయ్య నోటినుంచే మాటవరసకు జారింది. పురుడు కష్టమై రక్తం ఆగకపోతే, బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి బండి కట్టి, వర్జ్యం వెళ్ళేదాకా వాకిట్లోనే ఆపారట. వర్జ్యం వెళ్ళింది, నాయనమ్మా వెళ్ళింది. బండిని ఆపిన పెద్దలను ఎవరూ ఏమీ అనలేదు. ఇంకా కళ్ళు తెరవని పిల్లవాడు నేరస్థుడయ్యాడు.

ఆ పిల్లవాడు పెద్దవాడై ఆటోనగర్‌లో మంచి మెకానిక్ అయ్యాడు. మంచి మెకానిక్ అంటే వినయంగా ఉండేవాడనుకోకండి. నోటి దురుసు, గొప్పలు, పక్క షెడ్డువాళ్ళ పనిని వెక్కిరించకపోతే టీ దిగని మనిషి. పెళ్ళి కాలేదు, ఆ చేతికి పిల్లనెవరిస్తారని అనేవారు. గుణదలలో మా ఇంటి వెనక గదిలోనే ఉండేవాడు. మా ఇంట్లో పంపు పాడైనా, ఫ్యాను ఆగినా, స్కూటరు మొరాయించినా ఆయనే కావాలి. బాగుచేశాక స్విచ్చి వెయ్యడానికి మాత్రం మా నాన్న వచ్చేవాడు. ఆ చెయ్యి చాకిరీకి మంచిది, శుభానికి చెడ్డది. ఈ రెండూ ఒకే చేతికి ఎలా సాధ్యమని అడిగే బుద్ధి మా ఇంట్లో ఒక్కరికీ పుట్టలేదు.

నా పెళ్ళి కుదిరేనాటికి నాకు ఉద్యోగమొచ్చి ఏడాదైనా కాలేదు, గన్నవరంలో కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. పెళ్ళి మైలవరంలో. ఆ హడావిడిలో నాన్న ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. బాబాయి దాని ముందు మూత విప్పి, ఇంజనులో కిందా పైనా తిరిగే ఇరుసులను కలిపి నడిపించే పళ్ళ రబ్బరు పట్టీని వేలితో వంచి, పగుళ్ళు చూపించాడు. ఇది తెగితే దారిలో ఆగిపోవడం కాదు, ఇంజనే పోతుందన్నాడు. షెడ్డుకు పంపడం నాన్నకు ఇష్టం లేదు, అక్కడ మంచి సామాన్లు మార్చేస్తారని అనుమానం. సరే, ఇంటి దగ్గరే మార్చు, బాగా మారిస్తే అమ్మాయిని మండపానికి నువ్వే తీసుకెళ్దువుగాని అన్నాడు.

బాబాయి ముఖం ఎలా వెలిగిందో నాకింకా గుర్తుంది. నలభై ఏళ్ళ జీవితంలో ఒక శుభకార్యానికి ముందు నడిచే అవకాశం ఆయనకు అదే మొదటిసారి. పెద్దత్తయ్య ఊరుకుంటుందా?

"పెళ్ళికూతురు ఎక్కే బండికి వాడేంట్రా?"

"ముందు పని కానీలే అక్కా, తరవాత చూద్దాం," అన్నాడు నాన్న, బాబాయికి వినపడేటట్టే.

విన్నా వినపడనట్టు ఉండడం బాబాయికి చిన్నప్పటినుంచీ అలవాటు. ఆ సాయంత్రమే వెళ్ళి తెల్లచొక్కా కుట్టించుకున్నాడు. మెకానిక్ ఒంటిమీద తెల్లచొక్కా అంటే మీరే ఊహించుకోండి. "దారిలో మనసు మారితే చెప్పవే, జి.కొండూరులో బండి వెనక్కి తిప్పేస్తా," అని నన్ను ఆటపట్టించాడు.

పెళ్ళికి ముందు ఆదివారం ఉదయం వసారాలో పని మొదలుపెట్టాడు. రేడియేటరు దించి, కప్పీ బోల్టు విప్పేటప్పుడు ఇంజను తిరగకుండా బండిని పై గేరులో పెట్టి, నన్ను బ్రేకు తొక్కి కూర్చోమన్నాడు. ఇరుసుల మీది గుర్తులన్నీ ఒక వరసకు తెచ్చి, తెల్ల పెయింటు చుక్కలు పెట్టి, పాత బెల్టు తీసేశాడు. బెల్టును బిగువుగా పట్టి ఉంచే బేరింగు తిప్పి చూస్తే గరగరమంది. కొత్త బేరింగు కోసం ఆటోనగర్ బయలుదేరుతూ చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, అందరినీ పిలిచి మరీ చెప్పాడు.

"బండి గేరులో ఉంది, బెల్టు లేదు. ఎవరూ కదపొద్దు. కింది పిస్టను పైకొస్తుంది, పై వాల్వు కిందకొస్తుంది, ఆ రెండూ ఎదురుపడకుండా చూసేది బెల్టే. అది లేకుండా తోస్తే అన్నయ్యా నేనూ ఎదురుపడినట్టే!"

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. బాబాయి స్కూటరు మలుపు తిరిగిందో లేదో, పెద్దత్తయ్య పళ్ళెంతో వచ్చింది.

ఇది మరిచిపోయి చేసిన పని అని నేను ఒప్పుకోను. బాబాయి లేని సమయం చూసి చేసిన పని. కొత్తగా కొన్న బండి, పైగా విప్పిన బండి, నిమ్మకాయలు తొక్కించకపోతే ఎలా? ఆ శుభం జరిగేటప్పుడు వాడు ఎదురుగా ఉంటే ఎలా? ఇంకాసేపటికి వర్జ్యం వస్తుంది, వాడు తిరిగొస్తాడు. రెండూ రాకముందే కానిచ్చెయ్యాలి. నలుగుపిండి పూసిన ముఖంతో అరుగు మీద కూర్చున్న నేను, బాబాయి వద్దన్నాడు కదా అన్నాను. పెళ్ళికూతురివి, నోరు మూసుకుని కూర్చోమన్నాడు నాన్న. ఇంజను వెయ్యడం లేదుగా, ఒక్క జానెడు జరిపితే చాలు అన్నాడు. ఇటుకలు కాలితో నెట్టేసి, నాన్నా ఇద్దరు మావయ్యలూ వెనకనుంచి తోశారు. బండి కదలలేదు. కదలదు మరి, గేరులో ఉన్న ఇంజను ఎదురు తన్నుతుంది. పెద్దత్తయ్యకు మాత్రం అది వేరేగా అర్థమైంది.

"చూశావా, దిష్టి ఎంత గట్టిగా పట్టిందో! బలంగా తొయ్యండర్రా!"

బలంగా తోశారు. నిమ్మకాయలు చిట్లాయి, ఇంజను లోపల ఏదో పటుక్కుమంది. దిష్టి పోయిందని అందరూ చేతులు దులుపుకున్నారు.

తిరిగొచ్చిన బాబాయి టైరుకు అంటుకున్న నిమ్మతొక్కను చూశాడు, చోటు తప్పిన తెల్లచుక్కను చూశాడు. ఎవరు కదిపారని అడిగాడు. నాన్న తోశాడని నేను అరిచి చెప్పాను. నలుగు ముఖంతో అరవకూడదని మా మావయ్య భార్య నా భుజం నొక్కి కూర్చోబెట్టింది. బాబాయి ఆశ చావక, బెల్టు బిగించి చూశాడు; వాల్వులు మూసుకోక ఇంజను లోపల గాలి బిగువే పట్టలేదు. మర్నాడు పైభాగం విప్పి, వాల్వులు తీసి, వసారా గచ్చు మీద ఒక్కొక్కటే దొర్లించాడు. బాగున్నది తిన్నగా దొర్లింది, వంగినది కుంటుకుంటూ పోయింది.

"చూడు అన్నయ్యా, నీ కళ్ళతో నువ్వే చూడు."

"నువ్వు ముట్టుకోకముందు నడిచింది కదరా?" అన్నాడు నాన్న, చూడకుండానే.

పెద్దత్తయ్య గొంతు పెంచను కూడా లేదు. "పుట్టగానే తల్లిని మింగావు, ఇప్పుడు బండిని మింగావు. పిల్ల పెళ్ళి దగ్గరకు మాత్రం రాకు నాయనా," అని బతిమాలుతున్నట్టు చెప్పింది. నాయనా అంది చూశారా, ఆ మర్యాద! కృష్ణాజిల్లా మనిషి మెడ కోసినా మర్యాదగానే కోస్తాడు.

నేను అద్దె కారులో మైలవరం వెళ్ళాను. మగపెళ్ళివారితో నాన్న, మా తమ్ముడు చెయ్యి పెట్టాడండీ, ఇంజను పోయిందండీ అని చెప్పి అందరినీ నవ్వించాడు. పెళ్ళయి పుట్టింటికి వచ్చేసరికి, బాబాయి వసారాలో ఒక్కడే కూర్చుని ఇంజను భాగాలు తుడుస్తున్నాడు. చేతిలో ఉన్న నూనెగుడ్డ ఆ తెల్లచొక్కాయే. ఆ కారును ఆయనే బాగుచేశాడు. మొదటిసారి స్టార్టు చేసింది మా నాన్నే.

ఆ తరువాత మూఢనమ్మకాల మీద నేను ఎక్కని వేదిక లేదు. సిద్ధాంతులతో వాదించాను, వాస్తు పండితుల నోళ్ళు మూయించాను. అంత వాదం నేర్చినదాన్ని, నాకు కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఓడిపోయాను. బాబాయి గ్రీజు పోయేదాకా చేతులు తోముకుని వచ్చి, వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఎత్తుకోమని పాపను చాపితే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నా చెయ్యి సంగతి తెలుసు కదమ్మా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వాల్వులెందుకు వంగాయి బాబాయ్?"

"గేరులో తోశారు కాబట్టి."

"మరి నీ చేతి తప్పేముంది?"

"గేరులో ఉన్న బండిని తొయ్యాలన్న బుద్ధి వాళ్ళకు నేను ముట్టుకున్న బండి దగ్గరే ఎందుకు పుట్టిందమ్మా?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేకపోలేదు, వంద ఉన్నాయి. ఆయనకు వినే చెవులు లేవు, వాటిని మావాళ్ళు నలభై ఏళ్ళపాటు కూర్చుని మూసేశారు. ఇంజనును పూసగుచ్చినట్టు చెప్పగల మనిషి, తన చెయ్యి దగ్గరకు వచ్చేసరికి పెద్దత్తయ్య మాటే నమ్మాడు. నిరుడు పోయాడు. నా కూతుర్ని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. ఆయన పోయినప్పుడు పెద్దత్తయ్య, పాపం మంచి పనిమంతుడు అంది. ఆ ఒక్క మాట ఆయన చెవిన పడేటట్టు ఏనాడూ అనలేదు.

ఇప్పుడు కార్లు మారాయి. బెల్టుల బదులు గొలుసులొచ్చాయి, అసలు ఇంజనే లేని బండ్లు వచ్చాయి. గుణదలలో మా వసారా ఉన్నచోట షోరూము వెలిసింది. కొత్త కారు ఇచ్చేటప్పుడు నాలుగు నిమ్మకాయలు వాళ్ళే తెచ్చి చక్రాల కింద పెడుతున్నారు. మన తరం పోతే ఇవీ పోతాయనుకున్నాను. పోలేదు, ఎందుకంటే మనమే అందించాం.

మొదట అడిగిన ప్రశ్నకు మీ జవాబు మీ దగ్గరే ఉంది. ఆ మనిషి ఇంకా బతికే ఉంటే, ఈ కాగితం పక్కన పెట్టి ఇప్పుడే పిలవండి. పది మంది చూస్తుండగా బండి తాళం ఆ చేతిలో పెట్టండి. మీ మనవణ్ణి ఆ చేతుల్లోకి ఇవ్వండి. వెనక్కి పెట్టుకుంటే, పట్టి ముందుకు లాగండి.