రొయ్యపిల్ల కళ్ళు

నాన్నా, భవానీపురం ల్యాబ్‌లో నేనేం చేసేదాన్నని అడిగారుగా, చెప్తా. మన డెల్టాలోకి వనామీ రొయ్య కొత్తగా వచ్చిన రోజుల్లో నన్నక్కడ సీనియర్ అనలిస్ట్‌గా వేశారు. రొయ్యపిల్లల్ని పుట్టించి అమ్మే హేచరీ నుంచి తెచ్చిన పిల్లల్లో తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో తేల్చాలి. చెరువులో పడిందంటే పంటంతా పోతుంది.

ఒకరోజు పామర్రు నుంచి సాంబయ్య గారని రైతు శాంపిల్ తెచ్చారు. అప్పటికే వరసగా రెండు పంటలు పోయాయి. ఇదీ పోతే ఇంక చెరువులు వదిలేస్తానన్నారు.

రొయ్యపిల్లల్ని నూరి డీఎన్ఏ తీస్తాం. మనక్కావలసిన ముక్కల్ని, రొయ్యదొకటీ వైరస్‌దొకటీ, మెషీన్‌లో లక్షల కాపీలు చేస్తాం. జున్నులా ఉండే జెల్ గుంటల్లో పోసి కరెంటు పెడితే చిన్నముక్కలు ముందుకు పరిగెడతాయి, పెద్దవి వెనకబడతాయి. యూవీ లైటు కింద ఒక్కో శాంపిల్ గడిలో గీతల్లా మెరుస్తాయి. రొయ్య సొంత గీత ఎప్పుడూ రావాలి. వైరస్ గీత జబ్బుంటేనే వస్తుంది.

ఆరోజు సాంబయ్య గారి గడిలో ఒక్క గీతా లేదు.

"గీత లేదంటే జబ్బు లేనట్టేగా మేడమ్? పిల్లల్ని తెచ్చిన వ్యానువాడు తొందరపెడుతున్నాడండి," అన్నారాయన.

"ఫోన్ ఎత్తలేదంటే ఇంట్లో మనిషి లేడనాండి, ఫోనే పాడైందనా?"

"మా బామ్మర్దైతే ఇంట్లో ఉండే ఎత్తడండి!"

రొయ్య సొంత గీతే రాలేదంటే పరీక్షే నడవలేదని చెప్పి ఆయన్ని కూర్చోబెట్టాను. మా జూనియర్ సుధని పిలిచి ఎలా నూరావమ్మా అంటే, పిల్లల్ని కళ్ళతో సహా నూరేశానండి అంది. అక్కడే దెబ్బతింది. రొయ్య కళ్ళలో ఉండే నల్లరంగు మెషీన్‌లో కాపీలు కానివ్వదు. స్పిరిట్‌లో దాచిన మిగతా పిల్లల కళ్ళు బ్లేడుతో తీయించి, మళ్ళీ మొదట్నుంచీ చేయించాను.

సాయంత్రానికి రెండు గీతలూ వచ్చాయి.

సంగతి తెలిసి వచ్చిన హేచరీ ఏజెంటు ఎగిరాడు, "మీ ల్యాబ్‌లోనే అంటుకుందండీ!" అని. పక్కనే ఉత్త నీళ్ళతో నడిపిన గడి చూపించాను. ల్యాబ్‌లో అంటుకుంటే అందులోనూ గీత రావాలిగా? అది ఖాళీగా ఉంది. అయినా వైరస్ గీతని జెల్‌లోంచి బ్లేడుతో కోసి, శుభ్రం చేసి, ఆ ముక్కలోని డీఎన్ఏ అక్షరాల్ని వరసగా చదవడానికి వేరే ల్యాబ్‌కి పంపాను. తెల్లమచ్చ వైరసే అని రాసి పంపారు.

ఆ రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా సాంబయ్య గారు వ్యాను అదే సాయంత్రం తిప్పి పంపేశారు. ఆ పిల్లలు ఆయన చెరువులో పడలేదు.

ఆ తర్వాత రొయ్య గీత రాని జెల్ మీద నేను ఏ రోజూ సంతకం పెట్టలేదు. ఏమీ కనపడలేదంటే ముందు చూడాల్సింది జబ్బు సంగతి కాదు, పరీక్ష నడిచిందా లేదా అన్నది.