పొగాకు తుమ్ము

రేపే ఉగాది. భవాని పేట్‌లో మా వరసలో అందరి గోడలూ తెల్లబడ్డాయి, మాది తప్ప. అందుకని ఈ రోజు మా ఆయన మగ్గం ఆపి, సున్నం బకెట్ పట్టుకుని నిచ్చెన ఎక్కారు. పక్కనే విరగబూసిన వేపచెట్టు. గాలి వీచింది, పుప్పొడి రాలింది, ఆయన ఒక్క తుమ్ము తుమ్మారు. గడప దగ్గర బీడీలు చుడుతున్న మా అత్తగారికి ఒంటి తుమ్మంటే అపశకునం.

“దిగు కొడుకా! జర కూసో, నీళ్లు తాగినంక ఎక్కు.”

ఇలా తుమ్ముతూ, దిగుతూ, మళ్లీ ఎక్కుతూ మధ్యాహ్నమైంది. గోడ మీద తెలుపు జానెడు, ఆయన కడుపులో నీళ్లు కుండెడు.

అంతలో అత్తగారే తుమ్మారు, అదీ ఒక్కటే. ఆయన కుంచె పక్కన పెట్టబోయారు.

“అరె, ఆగకు! నాది లెక్కల వట్టకు. గిది పొగాకు తుమ్ము, దీనికి శకునం లేదు.”

మా ఆయన నిచ్చెన దిగారు. ఆమె చేటలోంచి చిటికెడు పొగాకు తీసి ముక్కులో పెట్టుకుని మళ్లీ నిచ్చెనెక్కారు. ఆ తర్వాత ఎన్నిసార్లు తుమ్మినా దిగలేదు, అత్తగారు తలెత్తకుండా బీడీలు చుట్టారు. పొద్దుగూకేలోపు గోడ పూర్తయింది.

తుమ్మినప్పుడల్లా కుంచె విదిల్చిన సున్నమంతా పక్కింటివాళ్లు నిన్ననే రంగేసుకున్న తలుపు మీద ఉంది. పొద్దున వాళ్లడిగితే ఏ తుమ్మని చెప్పమంటారు?